కథా, కామా

హైస్కూల్ ఇంగ్లీషు పరీక్షలో ప్రధానంగా అడిగేవి రెండు: కథను ఎలా కట్టారో చెప్పగలగడం, వాక్యం ఎక్కడ చెడిందో పట్టుకోగలగడం. మొదటిదాని కింద ప్లాట్, సెట్టింగ్, క్యారెక్టర్, కాన్‌ఫ్లిక్ట్, పాయింట్ ఆఫ్ వ్యూ, థీమ్, ఐరనీ వంటి పది పన్నెండు మాటలు వస్తాయి. రెండోదాని కింద కామా, సెమికోలన్, కర్తకూ క్రియకూ పొంతన, విశేషణం పెట్టాల్సిన చోటు వంటివి వస్తాయి. ఎనిమిదో తరగతి దాటేసరికి ఇవన్నీ పిల్లల నోట్సులో ఎక్కే ఉంటాయి. మార్కులు పోయేది కూడా వీటి దగ్గరే. నోట్సులో ఉండేది నిర్వచనం, ప్రశ్నపత్రంలో ఎదురయ్యేది ఎన్నడూ చూడని కథ.

వర్జీనియా రాష్ట్రం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో, డల్లెస్ విమానాశ్రయం పక్కన ఉన్న షాంటిలీలో ఈ చదువు కొంత ప్రత్యేకంగా సాగుతుంది. షాంటిలీ హైస్కూలూ, షాంటిలీ రీజనల్ లైబ్రరీ ఒకే స్ట్రింగ్‌ఫెలో రోడ్డు మీద ఉన్నాయి. చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఈ ఇళ్లలో ఇంగ్లీషు పరీక్ష అనగానే రెండు తరాల చదువు ఎదురెదురుగా కూర్చుంటుంది. ఆంధ్ర, తెలంగాణల్లో చదివిన అమ్మానాన్నలకు వ్యాకరణం అంటే రెన్ అండ్ మార్టిన్ పుస్తకం: యాక్టివ్ వాయిస్‌ను ప్యాసివ్‌గా మార్చడం, డైరెక్ట్ స్పీచ్‌ను ఇన్‌డైరెక్ట్ చెయ్యడం. పిల్లలకు ఆ ప్రశ్నలు అసలు రావు. వాళ్లకు ఒక పేరా ఇచ్చి, గీత గీసిన చోట ఏది సరైనదో నాలుగింటిలోంచి తేల్చమంటారు. నాన్న నేర్చుకున్నది వాక్యాన్ని మార్చడం, పిల్ల నేర్చుకోవాల్సింది వాక్యాన్ని ఎంచడం. తండ్రి వ్యాకరణం తప్పేమీ కాదు గానీ, అది వేరే పరీక్షకు తయారైనది.

కామన్ కోర్ అనే రాష్ట్రాల ఉమ్మడి పాఠ్యప్రమాణాల్లో వర్జీనియా ఎప్పుడూ చేరలేదు. 1995లో ప్రవేశపెట్టిన స్టాండర్డ్స్ ఆఫ్ లెర్నింగ్ అనే సొంత ప్రమాణాలనే అప్పుడప్పుడూ సవరించుకుంటూ వస్తోంది. పిల్లలు వీటిని ఎస్‌ఓఎల్ అంటారు. డిప్లొమాకు ఇంగ్లీషు నాలుగు క్రెడిట్లు తప్పనిసరి, అంటే హైస్కూలు నాలుగేళ్లూ ఇంగ్లీషు చదవాల్సిందే. దీనికి తోడు కాలేజీ ప్రవేశాల కోసం రాసే ఎస్‌ఏటీ ఉంటుంది. 2024 మార్చి నుంచి అమెరికాలో అది పూర్తిగా కంప్యూటర్ మీదికి మారింది. చదవడం, రాయడం కలిపిన విభాగంలో 64 నిమిషాల్లో 54 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకూ 25 నుంచి 150 పదాల చిన్న భాగం ఒకటి ఇస్తారు. పాత పద్ధతిలోలా ఒక పెద్ద వ్యాసం చదివి పది ప్రశ్నలకు జవాబిచ్చే వీలు లేదు. ప్రతి ప్రశ్నకూ మళ్లీ కొత్త భాగంలోకి దిగాలి. కాబట్టి రివిజన్‌లో ప్రతి సాంకేతిక పదాన్నీ, ముందున్న కథను అడిగే ఒక ప్రశ్నగా మార్చుకోవడం మేలు.

ప్లాట్‌తో మొదలుపెడితే, బడిలో గీయించేది పిరమిడ్ బొమ్మ. ఎడమ నుంచి ఎక్కుతూ పరిచయం, ముడి బిగియడం, శిఖరం. అక్కణ్నుంచి దిగుతూ సడలింపు, ముగింపు. గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత 1863లో అయిదంకాల నాటకాల కోసం చెప్పిన లెక్క ఇది. షేక్‌స్పియర్ రోమియో అండ్ జూలియెట్‌కు బాగానే అతుకుతుంది. చిన్న కథకు అంత నప్పదు. గురజాడ 1910లో రాసిన దిద్దుబాటును ఈ బొమ్మ మీద పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావు, కనిపించని భార్య, బల్ల మీద ఉత్తరం. పరిచయం అనే మెట్టు విడిగా లేదు, కథ గుమ్మం దగ్గరే మొదలవుతుంది. అతను ఎలాంటివాడు, ఎక్కణ్నుంచి వస్తున్నాడు అన్నవి ముడి బిగుస్తుండగానే తెలుస్తాయి. శిఖరం కథ చివరికి దాదాపు ఆనుకుని ఉంటుంది, దిగడానికి మెట్లు లేవు. పిరమిడ్ మధ్యలోనే శిఖరం ఉండాలనుకునే విద్యార్థి ఇలాంటి కథలో సగం దగ్గర ఏదో ఒక సంఘటన మీద వేలు పెడతాడు. అక్కడ వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏ క్షణం తర్వాత ఈ పాత్ర మునుపటిలా ఉండలేదు? అది ఎక్కడుంటే శిఖరం అక్కడే.

కాన్‌ఫ్లిక్ట్‌ను మనిషికీ మనిషికీ, మనిషికీ ప్రకృతికీ, మనిషికీ సమాజానికీ, మనిషికీ తనకూ అని విడదీసి బట్టీ పట్టిస్తారు. చెప్పుకోదగ్గ కథల్లో ఇవి విడివిడిగా ఉండవు. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో 1952లో రెండో బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు గాలివాననే తీసుకోవచ్చు. తన నియమాల మీద గట్టి నమ్మకమున్న రావుగారు తుఫాను రాత్రి ఒక రైల్వే స్టేషన్‌లో, తాను ఈసడించుకున్న బిచ్చగత్తెతో చిక్కుకుపోతాడు. పోరాటం గాలితోనా, ఆమెతోనా, తనతోనా? మూడూ. అయితే పరీక్షలో ప్రధానమైనది ఏదని అడుగుతారు. తుఫాను తగ్గాక కూడా మిగిలే పోరాటమే ప్రధానమైనది. ఇదే కథలో సెట్టింగ్ పని కూడా కనిపిస్తుంది. సెట్టింగ్ అంటే చోటూ కాలమూ అని రాసి వదిలేస్తే సగం మార్కులే. ఆ చోటు మార్చితే కథ నిలుస్తుందా అని చూడాలి. గాలివానను ఎండాకాలం పగటిపూటకు మార్చితే కథే ఉండదు.

పాత్రల్లో రౌండ్, ఫ్లాట్ అనే విభజన ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో చేసినది. ఒకే గుణం చుట్టూ అల్లిన ఫ్లాట్ పాత్ర, రాయడం చేతకాక వచ్చినదని చాలామంది అనుకుంటారు. కానేకాదు. దిద్దుబాటులో నౌకరు రాముడు ఎక్కువ కొలతలున్నవాడు కాడు, ఉండనక్కర్లేదు కూడా.

అసలు కష్టం పాయింట్ ఆఫ్ వ్యూ దగ్గర మొదలవుతుంది. ‘నేను’ అని చెబితే ఉత్తమ పురుష, ‘అతను’ అని చెబితే ప్రథమ పురుష అని గుర్తుపట్టడానికి ఎవరూ తడబడరు. తడబడేది ప్రథమ పురుషలోని రెండు రకాల దగ్గర. ఒకరి మనసులోకి మాత్రమే చూసే కథకుడు ఒక రకం, అందరి మనసుల్లోకీ చూసేవాడు ఇంకో రకం. కథలో ఎవరెవరి ఆలోచనలు మనకు నేరుగా తెలుస్తున్నాయో పేర్లు రాసుకుంటే చాలు. ఒక్క పేరే వస్తే మొదటి రకం. ముఖం ఎర్రబడింది, చెయ్యి వణికింది లాంటివి లెక్కలోకి రావు, అవి బయటివాళ్లకూ కనిపించేవే.

ఇక ఉత్తమ పురుషలో ఒక మెలిక ఉంది: చెప్పేవాణ్ని నమ్మవచ్చా? దీనికి ఉదాహరణగా వర్జీనియాలోనే పెరిగిన రచయిత ఉన్నాడు. ఎడ్గార్ ఎలన్ పో 1809లో బోస్టన్‌లో పుట్టినా, పెరిగింది రిచ్‌మండ్‌లో. 1846లో అచ్చయిన అతని కాస్క్ ఆఫ్ అమాంటియాడో తొమ్మిదో తరగతి చుట్టుపక్కల అమెరికా బడుల్లో తరచూ చదివించే కథ. మాంట్రెసర్ అనేవాడు తనను అవమానించిన ఫార్చునాటోను అరుదైన ద్రాక్షసారా ఆశ చూపి నేలమాళిగలోకి తీసుకెళ్లి, గోడ కట్టి అక్కడే పాతిపెడతాడు. ఆ సంగతి యాభై ఏళ్ల తర్వాత తానే చెబుతాడు. ఆ అవమానం ఏమిటో మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పడు. పగ తీర్చుకున్నవాడు కారణం దాచాడంటే చదివేవాడు ఆగాలి. నమ్మదగని కథకుడు అంటే అబద్ధాలు చెప్పేవాడే కానక్కర్లేదు. చెప్పాల్సినదాన్ని చెప్పనివాడు కూడా ఆ కోవలోకే వస్తాడు.

ఐరనీ మూడు రకాలూ ఈ ఒక్క కథలోనే దొరుకుతాయి కాబట్టి రివిజన్‌కు ఇంతకు మించినది లేదు. చంపబోయేవాడి ఆయుష్షు కోసం మాంట్రెసర్ పానపాత్ర ఎత్తుతాడు: మాటకూ మనసుకూ మధ్య ఎడం, ఇది వెర్బల్. తనకు ఏం జరగబోతోందో ఫార్చునాటోకు తెలియదు, పాఠకుడికి మొదటి నుంచీ అనుమానమే: ఇది డ్రమాటిక్. ఊరంతా పండగలో మునిగిన వేళ, విదూషకుడి వేషంలో, అదృష్టవంతుడనే అర్థమొచ్చే పేరున్నవాడు చస్తాడు: అనుకోదగ్గదానికి జరిగింది ఎదురు కావడం, ఇది సిచ్యుయేషనల్. ఒట్టి దురదృష్టాన్ని ఐరనీ అనడం మాత్రం పరీక్షల్లో పరమ సాధారణమైన పొరపాటు. పెళ్లిరోజు వాన పడితే అది వానే. వాన పడదని జోస్యం చెప్పినవాడి పెళ్లిలోనే పడితే అప్పుడు ఐరనీ.

థీమ్ దగ్గర ఒక్క నియమం పాటిస్తే చాలు: ఒక్క మాటలో చెప్పకూడదు, పూర్తి వాక్యంలో చెప్పాలి. చాగంటి సోమయాజులు ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ కథకు పేదరికం అనేది విషయం మాత్రమే. చదువు మీద ఆశ ఉన్న పిల్లవాడికి లేమి ఆకలి కంటే ముందు సిగ్గుగా తగులుతుంది అంటే థీమ్ దగ్గరికి వచ్చినట్టు. ఆ వాక్యంలో పాత్ర పేరు రాకూడదు, నీతి వాక్యంలాగా వినిపించకూడదు. రెండోది పాటించడం కష్టం. పెద్దబాలశిక్ష నాటి నుంచీ కథ చివర నీతి వెతకడం మనవాళ్లకు అలవాటే.

వ్యాకరణానికి వస్తే, ముందు ఒక అపోహ తీసెయ్యాలి. షాంటిలీలో పుట్టి పెరిగిన పిల్లల ఇంగ్లీషు తప్పులకు ఇంట్లో మాట్లాడే తెలుగు కారణం కాదు. ‘ఇట్స్’లో అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్లు పక్కింటి అమెరికన్ పిల్లల్లోనూ అంతమందే ఉంటారు. తెలుగు ఇక్కడ అడ్డు కాకపోగా అద్దంగా పనికొస్తుంది.

కర్తా క్రియల పొంతన చూడండి. ‘ద బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్ ఈజ్ హెవీ’ అన్నచోట ‘ఆర్’ రాసేవాళ్లు ఎక్కువ. క్రియ పక్కన మ్యాంగోస్ ఉంది, అసలు కర్త ఎక్కడో వెనక ఉండిపోయింది. ‘మామిడిపళ్ల బుట్ట బరువుగా ఉంది’ అన్నప్పుడు ఎవరూ ‘ఉన్నాయి’ అనరు, తెలుగులో ప్రధానమైన మాట చివరకొచ్చి క్రియను ఆనుకుని నిలుస్తుంది. తెలుగు వచ్చిన పిల్లలు ఆ పదబంధాన్ని మనసులో తెలుగులో అనుకుంటే కర్త బయటపడుతుంది. ‘ఈచ్’, ‘నైదర్’, ‘ఎవ్రీవన్’ ఏకవచనాలని విడిగా గుర్తుపెట్టుకోవాలి, వాటికి ఈ ఉపాయం పనికిరాదు.

వర్ణించాల్సిన మాటను వదిలి వేరే మాటకు అతుక్కునే డాంగ్లింగ్ మాడిఫయర్ విషయంలో తెలుగు ఇంకా దగ్గర. ‘వాకింగ్ హోమ్, ద రెయిన్ సోక్డ్ హర్’ అంటే నడుస్తున్నది వాన అయిపోతుంది. ‘ఇంటికి నడుస్తూ వాన ఆమెను తడిపేసింది’ అన్నా చెవికి అంతే ఎబ్బెట్టు, ‘నడుస్తుంటే’ అని దిద్దుకుంటాం. నడుస్తూ, వచ్చి, తిని వంటి అసమాపక క్రియలకూ చివరి సమాపక క్రియకూ కర్త ఒకటే ఉండాలన్నది తెలుగులోనూ ఉన్న నియమం. ‘వానలు కురిసి పంటలు పండాయి’ లాంటి వాటిని కార్యకారణ సంబంధం ఉందని తెలుగు ఒప్పుకుంటుంది. పరీక్షలో వచ్చే ఇంగ్లీషు ఆ సడలింపు ఇవ్వదు. కామా తర్వాత మొదట వచ్చే నామవాచకమే ముందు భాగంలోని పని చేస్తోందా అని చూడాలి, కాకపోతే ఆ జవాబు కొట్టెయ్యాలి.

రెండు పూర్తి వాక్యాలను ఒట్టి కామాతో అతికించే కామా స్ప్లైస్ దగ్గర మాత్రం తెలుగు చెవి దారి తప్పిస్తుంది. ‘వాన వచ్చింది, ఆట ఆగిపోయింది’ అనేది ఏ లోపమూ లేని తెలుగు. ‘ద రెయిన్ కేమ్, ద గేమ్ స్టాప్డ్’ అని రాస్తే మార్కు పోతుంది. రెండు పూర్తి వాక్యాల మధ్య చుక్క పెట్టాలి, లేదా సెమికోలన్ పెట్టాలి, లేదా కామాతో పాటు ‘అండ్’, ‘బట్’, ‘సో’ వంటిది చేర్చాలి. ‘హౌఎవర్’ ఆ జాబితాలో లేదు. దానికి రెండు పక్కలా కామాలు పెట్టి రెండు వాక్యాలను అతికించడం ఎస్‌ఏటీ వేసే వలల్లో పాతదే, ఇప్పటికీ బాగా పనిచేస్తున్నదే. కోలన్‌కు ముందున్నది పూర్తి వాక్యం అయి తీరాలి. తర్వాతది జాబితా అయినా, ఒక్క మాట అయినా ఫరవాలేదు.

అపాస్ట్రఫీ, ‘హూ–హూమ్’, సమాంతర నిర్మాణం వంటివి ఒక సాయంత్రంలో అయిపోతాయి. కాస్త ఆగాల్సింది కాలం దగ్గర. కథ గురించి వ్యాసం రాసేటప్పుడు ఇంగ్లీషులో వర్తమానం వాడతారు: మాంట్రెసర్ గోడ కడతాడు, కట్టాడు కాదు. జరిగిపోయిన కథను భూతకాలంలో చెప్పాలని నేర్చుకున్న పెద్దవాళ్లు పిల్లల వ్యాసం చదివి ఈ క్రియలన్నీ దిద్దేస్తారు. ఆ దిద్దుబాటు వద్దు. రచయిత జీవితంలోని సంగతికి మాత్రం భూతకాలమే: పో 1846లో ఆ కథ ప్రచురించాడు. ఒకే పేరాలో ఈ రెండూ పక్కపక్కన రావచ్చు. రాసిన వ్యాసాన్ని చివరి అయిదు నిమిషాల్లో తిరిగి చూసుకునేటప్పుడు మొదట క్రియలు మాత్రమే చదువుకుంటూ పోవాలి, తర్వాత వాక్యాల మధ్య కామాలు.