అరుపు ఆపుకున్న గొంతు

గాయని టీనా టర్నర్ ఆల్బమ్ ‘ప్రైవేట్ డాన్సర్’ గురించి ఎవరు రాసినా ముందు ఆమె కష్టాలే చెబుతారు. చేయిచేసుకునే భర్త ఐక్ టర్నర్‌ను 1976లో వదిలేసి రావడం, విడాకుల్లో తన పేరు మాత్రం నిలుపుకోవడం, సొంతంగా చేసిన ఆల్బమ్‌లు అమ్ముడుపోక లాస్ వెగాస్‌లో పాడుతూ నెట్టుకురావడం. అదంతా నిజమే. కానీ 1984 మే నెలలో క్యాపిటల్ కంపెనీ తెచ్చిన ఆ ఆల్బమ్‌ను నిలబెట్టింది జాలి కాదు, పనితనం.

ఆ పనితనానికి మూలం చర్చి. 1939లో పుట్టి, టెనెసీ రాష్ట్రంలోని నట్‌బుష్ అనే పల్లెలో పెరిగిన టీనా, చిన్నప్పుడు బాప్టిస్టు చర్చి బృందంలో పాడింది. నల్లజాతివాళ్ల చర్చిల్లో, మన భజనల్లోలాగే, ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఎత్తుకున్న మనిషి బాణీ దగ్గరే ఆగిపోడు. ఒక్క అక్షరాన్ని నాలుగైదు స్వరాల మీదుగా లాగుతాడు, మాటను తాళం కంటే అరక్షణం వెనకగా వేస్తాడు, ఆవేశం వచ్చినచోట గొంతులోకి జీర తెచ్చుకుంటాడు. మన కచేరీల్లో జీరను లోపంగా చూస్తాం. అక్కడ అది అలంకారం. ఊరికే అరిస్తే రాదు. శ్రుతి జారకుండా ఏ మాట మీద గరుకెక్కాలో, ఏ మాట మీద నున్నబడాలో తెలియాలి. ఈ విద్యనే సోల్ సంగీతం దేవుడి పాటల్లోంచి ప్రేమ పాటల్లోకి తెచ్చుకుంది.

1971లో ఐక్‌తో కలిసి చేసిన ‘ప్రౌడ్ మేరీ’ పాటను టీనా మాటలతో, నింపాదిగా మొదలుపెట్టి, సగంలో ఒక్కసారిగా పరుగు లంకించుకుంటుంది. జనానికి గుర్తుండిపోయింది ఆ పరుగే.

1983లో ఆమెను లండన్‌లో పాడించిన మార్టిన్ వేర్, హెవెన్ 17 అనే ఎలక్ట్రానిక్ బృందం మనిషి. ఎంచుకున్న పాట అల్ గ్రీన్ వెన్నలా పాడిన ‘లెట్స్ స్టే టుగెదర్’. టీనా పాడినదాంట్లో మొదట డ్రమ్ములుండవు. సింథసైజర్ పలచగా స్వరం పట్టి నిలబడితే, దాని మీద ఆమె తాళంతో పనిలేకుండా, ఒక్కో మాటా ఆచితూచి పలుకుతుంది. కాసేపయ్యాక గాని దరువు దిగదు. అంతకుముందు ఆమె వెనక బాకాలు, కోరస్ అమ్మాయిలు హోరెత్తేవాళ్లు. వాటిని దాటి వినబడాలంటే అరవక తప్పేది కాదు. ఇక్కడ యంత్రం ఒకే లెక్కలో బిగుసుకుని నడుస్తుంది కాబట్టి, గొంతు కాస్త వెనకబడినా ముందుకు జరిగినా ఇట్టే తెలుస్తుంది.

ఈ పాటా, ఆల్బమ్‌లోనే ఉన్న ఆన్ పీబుల్స్ పాట ‘ఐ కాంట్ స్టాండ్ ద రెయిన్’, రెండూ అసలు మెంఫిస్‌లోని హై రికార్డ్స్‌వి. నట్‌బుష్‌కు మెంఫిస్ పెద్ద దూరమేమీ కాదు. సముద్రం దాటి వెళ్లి, బ్రిటిష్ కుర్రాళ్ల యంత్రాల మధ్య ఆమె పాడుకున్నది సొంత సీమ పాటలే.

టెర్రీ బ్రిటెన్, గ్రాహమ్ లైల్ రాసిన ‘వాట్స్ లవ్ గాట్ టు డూ విత్ ఇట్’ మొదట్లో ఆమెకు నచ్చలేదు. చరణాలను మంద్రస్థాయిలో, పొడిపొడిగా, తనకేమీ పట్టనట్టు అంటుంది. పల్లవి దగ్గర గొంతు లేస్తుంది గాని, పూర్తిగా విప్పదు. ప్రేమతో నాకేం పని అని ఇరవై ఏళ్ల పిల్ల అంటే పొగరనిపిస్తుంది. 44 ఏళ్ల టీనా అంటే, ఆ మాట వెనక ఏం జరిగి ఉంటుందో వినేవాళ్లే ఊహించుకుంటారు. 1984 సెప్టెంబరులో అది మూడు వారాలు బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానంలో ఉంది, మరుసటి ఏడాది ‘రికార్డ్ ఆఫ్ ద ఇయర్’ గ్రామీ తెచ్చింది.

ఆల్బమ్ పేరు పాటను మార్క్ నాఫ్లర్ తన డైర్ స్ట్రెయిట్స్ బృందం కోసం రాసుకుని, మగగొంతుకు నప్పదని పక్కన పెట్టేశాడు. డబ్బుకు పరాయి మగవాళ్ల ముందు ఆడే స్త్రీ స్వగతం అది. ఏడు నిమిషాల పాటలో టీనా ఎక్కడా జాలి అడగదు. ఆల్బమ్ మొత్తం ఈ స్థాయిలో లేదు. డేవిడ్ బౌవీ పాట ‘1984’లో వాద్యాల హడావుడి గొంతును మింగేసింది.

వినాలనుకునేవాళ్లు ‘ప్రౌడ్ మేరీ’ మొదటి సగాన్నీ, ‘లెట్స్ స్టే టుగెదర్’నూ వరసగా వినండి. నింపాదిగా పాడే ఈ టీనా 1971లోనే ఉంది. అప్పుడు ఆమెకు దక్కింది సగం పాటే.