వినే పాట, పాడే పాట

శిశువులూ, పశువులూ, చివరికి పాములు కూడా పాటకు తలలూపుతాయని మన పెద్దలు ఎప్పుడో చెప్పి పెట్టారు. మాట బాగానే ఉంది. కాని ఒక్క క్షణం ఆగి చూడండి. ఆ జాబితాలో ఉన్నవాళ్లందరూ వినేవాళ్లే! పాడే మనిషికి పాట ఏం చేస్తుందో ఆ మాటలో లేదు. మన సంగీత విమర్శ కూడా ఇంచుమించు అలాగే నడిచింది. సభలో ముందు వరసలో కూర్చుని తొడమీద తాళం వేసే రసికుడు మెచ్చితే మంచి పాట, ఆవలిస్తే చెడ్డ పాట. రేడియో వచ్చినా, సినిమా వచ్చినా తీర్పు చెప్పే కుర్చీ మాత్రం వినేవాడిదే.

మరి, వినేవాళ్లే లేని పాట సంగతేమిటి?

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టపల్లెల్లో పాట చాలాకాలం అలాగే బతికింది. అక్కడ పాడే మనిషి ఉండేది, పని ఉండేది. శ్రోత అంటూ విడిగా ఎవరూ ఉండేవారు కాదు. తెల్లవారకముందే ఇసుర్రాయి దగ్గర కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లను ఊహించుకోండి. ఎదురెదురుగా కాళ్లు చాపుకుని, ఒక్క కొయ్యపిడినే ఇద్దరూ పట్టుకుని తిప్పుతుంటారు. జొన్నలు నలగాలి, పొద్దెక్కేసరికి రొట్టెకు పిండి కావాలి, గట్కకు రవ్వ కావాలి. ఒకామె పాదం ఎత్తుకుంటే రెండో ఆమె అందుకుంటుంది. రాయి ఒక చుట్టు తిరగడానికి ఎంత సేపో, పాట చరణానికి అంతే సేపు. ఆ పాటకు తాళం వేసేది చెయ్యి కాదు, రాయి!

అటువంటి పాటను తీసుకొచ్చి కాగితం మీద పెట్టి, "చెప్పిందే చెప్పారు, పునరుక్తి దోషం" అని ఎవరైనా అంటే నవ్వు రాదూ? పునరుక్తి లేకపోతే ఊపిరి తీసుకునేదెప్పుడు? నాట్లు వేసే ఆడవాళ్లు వంగిన నడుముతో పాడే పాటలో చరణాలు పొట్టిగా ఉంటాయి. మోట కొట్టే రైతు పాటలో రాగం సాగదీసినట్టుంటుంది, బొక్కెన పైకి వచ్చేదాకా ఎడ్లు నడవాలి కనుక. ఇది కవిత్వ నియమం కాదు, కండరాల నియమం. బిరుదురాజు రామరాజు గారు 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందేదాకా, మన పండితుల్లో చాలామందికి ఈ పాటలు కూడా సాహిత్యమేనన్న తలంపే తక్కువ.

ఇక ఉయ్యాల పాట సంగతి. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే పాట మీలో చాలామందికి తెలిసిందే. తంగేడు పూలూ, గునుగు పూలూ పేర్చి, ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. ఒకామె పాదం చెబుతుంది, మిగతావాళ్లంతా "ఉయ్యాలో" అని పల్లవి అందుకుంటారు. పైకి చూస్తే ఎంత సులువు! కాని ఆ "ఉయ్యాలో" ఉందే, అది ఉత్త ఊతపదం కాదు. పదిమంది గొంతు కలిపే ఆ రెండు క్షణాలలోనే ముందు పాడే ఆమె తరువాతి పాదం వెతుక్కుంటుంది. మరిచిపోతే గుర్తు చేసుకుంటుంది. గుర్తు రాకపోతే కల్పిస్తుంది! అంటే ఆ పల్లవిలో కొత్త కవయిత్రికి ఎప్పుడూ కాస్త ఖాళీ చోటు అట్టిపెట్టి ఉంటుందన్నమాట.

ఆ ఖాళీ చోటులోకి ఏమేం వచ్చి చేరాయో చూడండి. పుట్టింటికి పంపని అత్త వచ్చింది. చీర తేని అన్న వచ్చాడు. కరువు వచ్చింది, వాన కోసం ఎదురుచూపు వచ్చింది. మామూలు మాటల్లో అంటే మర్నాడు పొయ్యి దగ్గర రచ్చ అయ్యే సంగతి, గౌరమ్మ పేరు పెట్టి వాకిట్లో అందరి ముందూ పాడేస్తే ఎవరూ ఏమీ అనలేరు. అత్తగారు కూడా అదే వలయంలో చప్పట్లు కొడుతూ "ఉయ్యాలో" అనవలసిందే కదా! మన ఆడవాళ్లకు పత్రికలు లేని రోజుల్లో ఉత్తరాల శీర్షిక ఇదేనని నేనంటే అతిశయోక్తి అనుకోకండి.

వెల్చేరు నారాయణరావు గారు స్త్రీల రామాయణపు పాటల మీద ఒక ఇంగ్లీషు వ్యాసం రాశారు. 1991లో అచ్చయింది. మగవాళ్ల రామాయణంలో రాముడి పరాక్రమం ముందుంటే, ఆడవాళ్ల పాటల్లో సీత వేవిళ్లూ, పురుడూ, ఊర్మిళ నిద్రా ముందుంటాయని ఆయన చూపించారు. పొలం పనుల్లో ఉన్న స్త్రీల పాటలు అగ్రవర్ణ స్త్రీల పాటల కంటే వేరుగా ఉంటాయని కూడా అన్నారు. నిజమే. పెద్దిళ్ల పాటలు కొన్ని పుస్తకాలకెక్కాయి. కూలి నాలి చేసుకునే తల్లుల పాటలు చాలావరకు గాలికే పోయాయి.

అన్నీ గాలికి పోలేదనుకోండి. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఈ పాటలకు కొత్త పని దొరికింది. నల్లగొండ జిల్లా ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం గారు (1931-2022) ఊళ్లలో జనాన్ని కదిలించడానికి పట్టుకున్న ఆయుధాల్లో తుపాకి కంటే ముందుది ఉయ్యాల పాట. ఎందుకంటారా? ఉపన్యాసం అయితే ఆడవాళ్లు దూరంగా నిలబడి వింటారు. ఉయ్యాల పాట అయితే తెలియకుండానే గొంతు కలుపుతారు. గొంతు కలిపిన మనిషి సగం మన మనిషే! ఆ పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన వారు 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకంగా తెచ్చారు. చదవని వాళ్లుంటే వెతికి చదవండి.

అదే జిల్లా సుద్దాల గ్రామానికి చెందిన సుద్దాల హనుమంతు గారు గొల్ల సుద్దులనూ, బుర్రకథనూ, పల్లె బాణీలనూ పోరాటానికి మలిచారు. పశువులు కాసే జీతగాడి మీద ఆయన కట్టిన పాట, 1980లో విడుదలైన "మాభూమి" సినిమాతో రాష్ట్రమంతా వినిపించింది. ఆ పాటలో గొప్పతనం ఏమిటంటే, దొరను ఒక్క తిట్టయినా తిట్టకుండా, పిల్లవాడిని ప్రశ్నలు అడుగుతూ పోతుంది. వింటున్న మనకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. తల్లి బిడ్డను పలకరించినట్టుండే ఆ ధోరణి ఎక్కడిది? ఇళ్లలో తల్లులు పాడుకున్న పాటల్లోదే అని నా నమ్మకం. కవి పేరు నిలిచింది, నిలవాలి కూడా. బాణీలిచ్చిన తల్లుల పేర్లు మాత్రం ఎవరూ రాసుకోలేదు.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. పల్లె పాట పోయిందని బాధపడేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. పాలమూరు జిల్లా గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న గారు పల్లె కన్నీటి మీద కట్టిన పాట 2002లో "కుబుసం" సినిమాలో వచ్చినప్పుడు కంట తడి పెట్టనివాళ్లు అరుదు. "వల్లంకి తాళం" పుస్తకానికి ఆయనకు 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆయన బలమంతా పేర్లు చెప్పడంలో ఉంది. కుమ్మరి వాము, కమ్మరి కొలిమి, సాలెల మగ్గం అంటూ ఒక్కొక్క వృత్తినీ పిలిచి మరీ చూపిస్తారు. అది ఉత్త దిగులు కాదు, లెక్క అడగడం. కాని ఆ పాటను అనుకరించే చాలామంది దగ్గర లెక్క పోయి దిగులు ఒక్కటే మిగిలింది. వాళ్లకు ఇసుర్రాయి కూడా బంగారు కాలపు గుర్తే!

అమ్మా, ఇసుర్రాయి పోయిందని ఏ ఆడదైనా ఏడ్చిందా? అరచేతులు కాయలు కాసినవాళ్లనడగండి. పిండిమర వచ్చిన నాడు ఊపిరి పీల్చుకున్నామంటారు. ఆ పాటలు తియ్యనివే, కాని ఆ తీపి అంతా చేదు మింగడానికి. పాట కోసం రాయిని మళ్లీ తెచ్చుకోమనడం, కథ కోసం కరువును రమ్మనడం వంటిది. పోయిన రాయికి విచారించనక్కరలేదు. ఆ రాయి చుట్టూ ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కన ఉండి మనసు విప్పుకున్న ఆ గంట పోయింది చూశారూ, విచారమంతా దాని గురించే. మిక్సీ దగ్గర పాడగలమా? దాని రొదలో పక్క గదిలోని మనిషి పిలిచినా వినిపించదు.

రేడియో వచ్చినప్పుడు పాట ఇంట్లోకి వచ్చిందని సంతోషించాం. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి అయింది. వంటింటి గోడకు ఆనుకుని ఎంతమంది ఆ పెట్టె దగ్గర చెవిపెట్టి పాటలు నేర్చుకున్నారో! అప్పటికింకా వినడం నేర్చుకోవడానికే. పాటల పుస్తకం పక్కన పెట్టుకుని గొంతు కలిపేవాళ్లం. ఆ తరువాత క్యాసెట్టు వచ్చింది, ఇప్పుడు సెల్‌ఫోను. పాటలు వేలకు వేలు. చెవిలో పెట్టుకునే ఆ రెండు గుండీలతో ఒక్కొక్కరి పాట ఒక్కొక్కరిదే. ఒకే గదిలో నలుగురుంటే నాలుగు పాటలు మోగుతుంటాయి, గది మాత్రం నిశ్శబ్దంగా ఉంటుంది.

బతుకమ్మకు 2014లో రాష్ట్ర పండుగ గౌరవం వచ్చింది. ఏటా కొత్త పాటలు పుంఖానుపుంఖంగా వస్తున్నాయి. కొన్ని నిజంగా బాగున్నాయి. కాని వాటిని మెచ్చుకునే ముందు నేను మూడు పరీక్షలు పెడతాను. ఒకటి, వాయిద్యం లేకుండా, సంగీతం రాని మామూలు గొంతుతో దాన్ని పాడగలమా? రెండు, చేతిలో పని ఉండగా పాడగలమా? మూడు, అందులో నా సొంత మాట ఒక్కటి చేర్చడానికి చోటుందా? డీజే పెట్టెల్లోంచి గుండె అదిరేలా వచ్చే పాట మొదటి పరీక్షలోనే తప్పుతుంది. అడుగులు బాగానే పడతాయి, చప్పట్లూ పడతాయి. ముందు పాడే ఆమె ఏదీ? ఆమె పని పెట్టె చేసేస్తోంది. పల్లవి అందుకునే పని కూడా పెట్టెదే. తొమ్మిది రోజులు బతుకమ్మ ఆడి, ఒక్క పాదం కూడా నోటితో అనకుండా ఇంటికి వచ్చే ఆడపిల్లలున్నారు. పాపం, వాళ్ల తప్పు కాదు. వాళ్లకు మనం చోటు ఉంచలేదు.

పాటను మనం గౌరవించే తీరు కూడా ఇంతే. పాలమూరు వైపు పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారి గొంతు 2021లో ఒక సినిమా పాటతో ఇంటింటా వినపడింది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. సొర బుర్రల మీద వెదురు పట్టి చేసిన ఆ వాద్యంతో పండుగ సాయన్న వంటి వీరుల కథలు చెప్పుకుంటూ ఊరూరా తిరిగిన కళాకారుడాయన. అటువంటి మనిషి బతుకు తెరువు కోసం కూలి పనికి వెళ్తున్నాడని 2024లో పత్రికల్లో చదివాం. బిరుదు అనేది వినేవాళ్లు ఇచ్చే చప్పట్ల వంటిది. చప్పట్లు ఆగాక ఆ కథను పూర్తిగా వినే ఊరు లేకపోతే కిన్నెరకు మిగిలేది గోడ మీది మేకే.

ఇంకా పోనివి లేవా అంటే, ఉన్నాయి. జోల పాట ఉంది. ఎంత చదువుకున్న తల్లి అయినా ఒళ్లో బిడ్డ ఏడిస్తే ఫోను వెతుక్కునే లోపే నోట్లో ఏదో ఒక కూని రాగం వస్తుంది. ఊళ్లలో శనివారం భజన ఉంది. పాలమూరు నుంచి బొంబాయికీ, పూనాకీ కూలికి పోయిన కుటుంబాలు అక్కడి వాడల్లోనూ బతుకమ్మ పేర్చి ఆడుకుంటున్నాయి. సామాను తీసుకుపోలేనివాళ్లు పాటను తీసుకుపోయారు. దానికి బస్సు టిక్కెట్టు అక్కర్లేదు మరి!

అందుచేత నేను కోరేది పెద్ద పనేమీ కాదు. వచ్చే బతుకమ్మకు మీ వాడలో ఆ పెట్టెను ఒక్క అరగంట కట్టేయించండి. వయసు మళ్లిన అవ్వను నడిమిట్ల నిలబెట్టి, "అవ్వా, నువ్వు ఎత్తుకో, మేమందుకుంటం" అనండి. మొదట సిగ్గుపడుతుంది, గొంతు లేదంటుంది, మరిచిపోయానంటుంది. రెండుసార్లు "ఉయ్యాలో" అనేసరికి అన్నీ అవే వస్తాయి. పాడినదంతా రాసుకోండి. అడుగున ఆమె పేరు రాయడం మాత్రం మరిచిపోకండి. అవ్వ ఆగినచోట మీ అమ్మాయిని ఒక పాదం కట్టమనండి. వంకరగా వస్తే రానివ్వండి. అందులో మీ మీద ఫిర్యాదు ఉన్నా సరే, నవ్వుకుని "ఉయ్యాలో" అనెయ్యండి!