సాక్షి ఎక్కడ నిలబడ్డాడు? – స్వీయానుభవ వ్యాసంలో సామాజిక విమర్శ

పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాలు 1913లో ‘సువర్ణలేఖ’లో మొదలై, 1920 తరువాత ‘ఆంధ్రపత్రిక’ ద్వారా విస్తృత ప్రచారం పొందాయి. అక్కడ జంఘాలశాస్త్రి ఉపన్యసిస్తాడు. లోకం దోషిగా నిలబడుతుంది. వక్తకు ఆ దోషంలో వాటా అరుదు.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ పేరులోనూ సాక్షి ఉంది, స్థానం వేరు. కథలుగా ప్రసిద్ధమైనా వీటిలో స్వీయానుభవ వ్యాస లక్షణం బలమైనది. ఇక్కడి ‘నేను’ చిత్తూరు జిల్లా సేద్యపు కుటుంబంలోని పిల్లవాడు. అమ్మ కష్టాన్ని చూసేవాడూ, ఆ కష్టం మీద బతికేవాడూ అతడే. అందువల్ల పేదరికం, స్త్రీ శ్రమ చర్చనీయాంశాలుగా కాక ఇంటి సంగతులుగా వస్తాయి. తీర్పు చెప్పే అధికారం అతనికి లేకపోవడమే విమర్శకు పదును పెట్టింది. మాండలికం చేసే పని కూడా ఇదే. శాంతిపురం, కుప్పం ప్రాంతాల పాఠకుడికీ పరిచితమైన ‘పిలకాయలు’ వంటి మాట రచయితను వేదిక ఎక్కనివ్వదు. మాండలిక సౌందర్యమని మెచ్చుకొని ఊరుకుంటే ఈ సంగతి కనిపించదు.

‘చదువులా? చావులా?’లో ఈ స్థానం మారింది. పిల్లలను నలిపే చదువులపై ఆగ్రహం న్యాయమైనదే. అయితే హెచ్చరించే గొంతు హెచ్చినకొద్దీ జంఘాలశాస్త్రి మళ్లీ లేచి నిలబడతాడు. తల్లిదండ్రులు బోనులోకి వెళతారు, ‘నేను’ బయట మిగులుతుంది.