పొగ చూసి జబ్బు చెప్పే మేస్త్రులు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల శివార్లలో పాత టైర్లు దొంతరగా పేర్చి, ముందు ఒక వేప చెట్టో రేకుల పందిరో ఉన్న చోట ఆగి చూడండి. నేల నల్లగా ఆయిల్ తాగి ఉంటుంది. ఆ నేల మీద ఇరవై ఏళ్ల నాటి ట్రాక్టర్ రెండు ముక్కలై ఉంటుంది. ఇంజన్ ఒకవైపు, గేర్‌బాక్స్ ఒకవైపు, మధ్యలో క్లచ్ ప్లేటు చేతిలో పట్టుకుని ఒక మేస్త్రి. ఈ మూడు జిల్లాల్లో సగం సేద్యం ఆ చేతుల మీద నడుస్తోందని నేనంటే కొందరు నవ్వుతారు. కరిగెట్టు దున్నే రోజుల్లో బండి ఆగిపోయిన రైతు మాత్రం నవ్వడు.

కొత్త ట్రాక్టర్ కొనే స్తోమత అందరికీ లేదు. జూరాల కాలువల నీళ్లు, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు అందిన చోటల్లా వరి పెరిగింది. వరితోపాటు కేజీవీల్స్ వచ్చాయి. వలసకు పేరుపడ్డ పాలమూరులో సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కుని ఊళ్లోనే కిరాయికి దున్నేవాళ్లు తయారయ్యారు. అంతకుముందు కథ పెద్దగా చెప్పేదేం లేదు. 1959లో ఐషర్ వాళ్లు ఫరీదాబాద్‌లో ట్రాక్టర్లు మొదలెట్టారు, మరుసటేడు మద్రాసులో టాఫే పుట్టింది, 1974లో పంజాబ్ నుంచి స్వరాజ్ వచ్చింది. మిగతాదంతా మేస్త్రుల నోట విన్న ముచ్చట్లే.

పెబ్బేరు సంతలో ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పే పెద్దమనుషుల్లాంటి వాళ్లు ఈ మేస్త్రులు. పాత బండి కొనేటప్పుడు వాళ్లలో ఒకరిని వెంట తీసుకుపోవాలి. వాళ్లు మొదట చూసేది మీటర్ కాదు, మీటర్ ఎవరైనా తిప్పుతారు. క్లచ్ పెడల్ అంచు ఎంత అరిగిందో చూస్తారు, స్టీరింగ్ ఎంత ఆట ఆడుతుందో చూస్తారు. బానెట్ మీద చెయ్యి పెడతారు. వేడిగా ఉంటే, "పొద్దుగాల మల్లొస్తం, అప్పటిదంక స్టార్ట్ చెయ్యకు" అని వెనక్కి తిరుగుతారు. అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి వేడెక్కిస్తే చల్లటి ఇంజన్ రోగాలు బయటపడవు. చిక్కటి ఆయిల్ పోసి పొగనూ చప్పుడునూ తాత్కాలికంగా నొక్కేసే మాయ కూడా ఉంది. ఆయిల్ పోసే మూత తీసి, ఇంజన్ నడుస్తుండగా అక్కడ అరచెయ్యి పెట్టి చూస్తే గుట్టు తెలిసిపోతుంది. అక్కడి నుంచి పొగ గట్టిగా తన్నుకొస్తే రింగులు, లైనర్లు అయిపోయినట్టే.

ఇక పొగ సంగతి. నల్ల పొగ అంటే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదు, లేదా నాజిల్ సరిగా చిమ్మడం లేదు. మన చెల్కల్లో ఎండాకాలం రోటవేటర్ తిప్పితే లేచే ఎర్ర దుమ్ముకు ఎయిర్ క్లీనర్ ఎంతసేపు నిలుస్తుంది? కింది గిన్నెలో ఆయిల్ గుర్తు దాకా ఉందా, బురదైపోయిందా అని రోజూ విప్పి చూడాల్సిందే. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ చలికాలం పొద్దున కాసేపు వచ్చి పోతే భయం లేదు. వేడెక్కినా పోకుండా, రేడియేటర్‌లో నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉందంటే ఆయిల్‌లో నీళ్లు కలిసినట్టే.

అన్నింటికన్నా నాకు ముచ్చటేసేది పని చేయని సిలిండర్‌ను పట్టే పద్ధతి. ఇంజన్ కుంటుతూ నడుస్తుంటే, గద్వాల వైపు ఒక పెద్ద ఉస్తాద్ స్కానర్లూ గీనర్లూ అడగడు. ఇంజన్ నడుస్తుండగానే నాజిల్ పైపు నట్టు ఒకటి స్పానర్‌తో కొద్దిగా వదులు చేస్తాడు. డీజిల్ బుస్సుమని చిమ్ముతుంది, ఇంజన్ చప్పుడు దిగిపోతుంది. అంటే ఆ సిలిండర్ పని చేస్తోంది. నట్టు బిగిస్తాడు. రెండోది వదులు చేస్తాడు. చప్పుడులో మార్పే లేదు. "ఇగో, ఈడ పండుకుంది" అంటాడు. తరువాత పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల కొట్టేది ట్యాపెటో బేరింగో చెప్పేస్తాడు. ఈ చెవి ఏ కాలేజీలోనూ ఇవ్వరు.

డీజిల్‌లో గాలి పట్టినప్పుడు కుర్రాళ్లు సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ చంపుతారు. పాతవాళ్లు ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి, చేతి పంపు తాపీగా కొడుతూ, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా ఆగుతారు. ఒక్కసారే స్టార్ట్. లిఫ్ట్ పరీక్ష ఇంకా సులువు. గొర్రును పైకి లేపి ఇంజన్ ఆపి చూడాలి. చూస్తుండగానే జారిపోతే లోపల ఓ-రింగో వాల్వో లీకవుతున్నట్టు.

నడిపేవాళ్లకూ ఒక మాట. క్లచ్ మీద కాలు పెట్టుకుని దున్నడం మానండి, బేరింగ్ మాడిపోతుంది. మన బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, రేడియేటర్‌లో పోస్తే లోపల పొర కట్టి ఇంజన్ కాగుతుంది. నాట్లు అయిపోగానే ముందు చక్రాల హబ్బులు విప్పండి, సీలు దాటి బురద నీళ్లు పోయి ఉంటాయి. గ్రీజు గన్ పెట్టి రెండు సార్లు నొక్కి వదిలేస్తే లాభం లేదు. నల్లటి ఇసుక గ్రీజు బయటికొచ్చి, దాని వెనక శుభ్రమైన గ్రీజు రంగు కనిపించేదాకా నొక్కాలి.

ఏ బండి మంచిదని అడిగితే నేను మొహమాటపడను. మాస్సీ 1035. సింప్సన్ వారి మూడు సిలిండర్ల ఇంజన్, విప్పితే విప్పబడుతుంది, బిగిస్తే బిగుసుకుంటుంది. మహీంద్రా వాళ్లు, స్వరాజ్ వాళ్లు నా మీద కోపగించుకోవచ్చు, ఆ తగువు టీ కొట్టు దగ్గర తేల్చుకుందాం. వనపర్తి మేస్త్రుల్లో స్వరాజ్ భక్తులే ఎక్కువని తెలిసీ ఈ మాట రాస్తున్నాను.

ఇక కడుపు మండే విషయం. నకిలీ సామాను. అదే డబ్బా, అదే రంగు, అదే మెరిసే స్టిక్కర్, లోపల అట్టముక్కలాంటి ఫిల్టర్. నకిలీ నాజిల్ చిమ్మదు, కారుతుంది. కారిన డీజిల్ సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగేసి కింద ఆయిల్‌లో కలుస్తుంది. వందల్లో మిగిలిందనుకున్న రైతు, క్రాంకు లేత్‌కు పంపి అండర్‌సైజ్ బేరింగులు వేయించేటప్పుడు వేలల్లో ఏడుస్తాడు. తిట్లు పడేది మాత్రం మేస్త్రికే. ఇది దొంగతనం కన్నా నీచం, దొంగ కనీసం పంట మధ్యలో ఇంజన్ ఆపడు. విప్పి బాగు చేసే చోట మొత్తం మార్చిపారేసే షోరూమ్ అలవాటు కూడా ఊళ్లలోకి పాకుతోంది. పంపు కాలిబ్రేషన్ పట్టే చేతులు తగ్గిపోతున్నాయి, స్పానర్లు అందించే పిల్లగాళ్లు హైదరాబాద్ డెలివరీ బండ్లెక్కి పోతున్నారు.

పైగా 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్ నాలుగో దశ పొగ నిబంధనలు వచ్చాయి. ఆ ఇంజన్లలో కంప్యూటర్ ఉంటుంది. పొగ తగ్గితే మంచిదే, కాదనను. కానీ ఆ కంప్యూటర్ మాట వినే పరికరం కంపెనీ మనిషి దగ్గరే ఉంటే, పదేళ్ల తరువాత ఆ బండి మన సెకండ్ హ్యాండ్ రైతు చేతికొచ్చినప్పుడు ఏ వేప చెట్టు కింద బాగవుతుంది? అమెరికాలో ఇదే గొడవ మీద రైతులు కొట్లాడితే, కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కుకు చట్టం చేసింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో రిపేరు హక్కు మీద వేసిన కమిటీ కూడా వ్యవసాయ పరికరాలను లెక్కలోకి తీసుకుంది. కమిటీతో ఇంజన్ స్టార్ట్ కాదు కదా.

చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. వనపర్తి రాజుగారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తోంది. అక్కడి మెకానికల్ పిల్లలకు ఏటా కొన్ని వారాలు ఈ ఉస్తాద్‌ల చేత పాఠం చెప్పించండి, వాళ్లకు గౌరవంగా జీతమివ్వండి. అదే చోట ఈ ఉస్తాద్‌లకు స్కానర్ పట్టడం నేర్పండి. కంపెనీలు ఆ స్కానర్లను, రిపేరు పుస్తకాలను తెలుగులో, బయటి మేస్త్రులకు కూడా అమ్మేలా ప్రభుత్వం పట్టుబట్టాలి. నకిలీ సామాను అమ్మే దుకాణాల మీద వానాకాలం సాగు మొదలుకాక ముందే తనిఖీలు చేయాలి, పంట పోయాక కాదు.