రాగిరేకు మీద సొంత దారులు

హైదరాబాద్‌లో అబిడ్స్ నుంచి బ్యాంక్ స్ట్రీట్ మీదుగా కోఠి వైపు నడిస్తే గుజరాతీ గల్లీ వస్తుంది. రెసిస్టర్లు, ఐసీలు, రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్లు అమ్మే ఆ దుకాణాల్లోనే ఈ నగరంలో ఎందరో ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టులు మొదలవుతాయి. ఒక రాగిపూత రేకు, ఒక ఫెర్రిక్ క్లోరైడ్ పొట్లం కొనుక్కుంటే ఇంట్లోనే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు (పీసీబీ) చేసుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లు ఒక్కసారైనా ఈ పని చేసి తీరాలని నా అభిప్రాయం. డిజైన్ ఫైలు పంపితే చైనా కంపెనీలు చవగ్గా, చక్కగా బోర్డులు చేసి పంపుతున్న మాట నిజమే. కానీ అవి చేరేదాకా రోజుల తరబడి ఎదురుచూడాలి. ఇంట్లో అయితే పొద్దున గీసిన సర్క్యూట్ రాత్రికి పనిచేస్తుంది. ఎక్కడ తప్పు గీశామో అదే రోజు తెలిసిపోతుంది.

రాగిరేకు మీద సర్క్యూట్ చేసే ఈ పద్ధతికి ఆద్యుడిగా చెప్పుకునేది ఆస్ట్రియా నుంచి లండన్ చేరిన ఇంజినీరు పాల్ ఐస్లర్‌ని. 1930ల్లో ఆయన తీగలకు బదులు రాగిరేకు మీద గీతలతో రేడియో చేశాడు. సూత్రం ఇప్పటికీ అదే: కావలసిన రాగిని కప్పి ఉంచాలి, అక్కర్లేనిదాన్ని కరిగించాలి. కొత్తవాళ్లకు గోధుమరంగు ఫినాలిక్ రేకు చాలు. దాన్ని మన దగ్గర హైలం అనే అంటారు. ఆ పేరున్న బేకలైట్ హైలం ఫ్యాక్టరీ మన సనత్‌నగర్‌లోనే ఉండేది. గ్లాస్ ఎపాక్సీ రేకు ఇంకా గట్టిది, కానీ కోసేటప్పుడు లేచే గాజుపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు లేకుండా కోయకండి.

సర్క్యూట్‌ను రాగి మీదికి ఎక్కించడంలోనే అసలు నేర్పంతా ఉంది. లేజర్ ప్రింటరు టోనర్ నిజానికి ప్లాస్టిక్ పొడి. వేడికి కరిగి రాగికి అంటుకుంటుంది. ఇంక్‌జెట్ సిరా అలా అంటుకోదు. అందుకే నాంపల్లి స్టేషన్ రోడ్డులోనో అబిడ్స్‌లోనో లేజర్ ప్రింటరున్న జిరాక్స్ షాపు చూసుకోవాలి. కాగితం నున్నగా మెరిసే రకమైతే మేలు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలతో పాటు దొరికే రంగుల పత్రికల పేజీలు ఇందుకు బాగా పనికొస్తాయి. సర్క్యూట్ బొమ్మలోనే ఒక మూల మీ పేరు రాయండి. కాగితం మీద అక్షరాలు తిరగబడి, రాగి మీద సరిగ్గా కనబడాలి. లేకపోతే ఐసీ కాళ్లన్నీ తారుమారవుతాయి.

చాలా బోర్డులు చెడిపోయేది శుభ్రం చాలక. నింద మాత్రం రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం మీద పడుతుంది. వేలిముద్రలోని జిడ్డు చాలు, టోనర్ పట్టుకోదు. గిన్నెలు తోమే పీచుతో రాగి తళతళలాడేదాకా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఆ తర్వాత అంచులు మాత్రమే పట్టుకోవాలి. ప్రింటును రాగి మీద బోర్లించి, ఆవిరి లేని ఇస్త్రీపెట్టెతో కాసేపు గట్టిగా అదిమి, చల్లారాక నీళ్లలో నానబెడితే కాగితం మెత్తబడి ఊడొస్తుంది. తెగిన గీతల్ని పర్మనెంట్ మార్కర్‌తో కలపండి.

ఇక ఫెర్రిక్ క్లోరైడ్. గడ్డల మీద నీళ్లు పోయకూడదు. నీళ్లలోనే కొంచెం కొంచెంగా గడ్డలు వేయాలి, ఎందుకంటే అది కరిగేటప్పుడు బాగా వేడెక్కి పొగలొస్తాయి. గ్లవ్స్, కళ్లద్దాలు, కిటికీ పక్కన ప్లాస్టిక్ డబ్బా తప్పనిసరి. స్టీలు గిన్నె వద్దు, దాన్నీ తినేస్తుంది. ఈ ఇనుప లవణం రాగితో చర్య జరిపి దాన్ని రాగి క్లోరైడ్‌గా మారుస్తుంది. సాధారణంగా రేకు మీద రాగి పొర 35 మైక్రాన్లే. ద్రావణం గోరువెచ్చగా ఉండి, బోర్డు వేసిన డబ్బాను మెల్లగా ఊపుతుంటే అరగంటలోపే పని అవుతుంది. ఎక్కువసేపు వదిలేస్తే గీతల కిందికి పక్కల నుంచి చొరబడి సన్నవాటిని తెంపేస్తుంది. అందుకని మొదటి బోర్డుకు మిల్లీమీటరు వెడల్పు గీతలు పెట్టుకుని, 555 టైమర్‌తో ఎల్ఈడీ వెలిగి ఆరే సర్క్యూట్ చేయండి. కడిగాక అసిటోన్‌తో టోనర్ తుడిచి, ఐసీ కాళ్లకు 0.8 మిల్లీమీటర్ల బిట్‌తో, 1ఎన్4007 లాంటి డయోడ్లకు 1 మిల్లీమీటరుతో రంధ్రాలు వేయాలి. బొమ్మలో ప్రతి ప్యాడ్ నడుమ చిన్న ఖాళీ వదిలితే బిట్ జారదు.

ద్రావణాన్ని పారేయకుండా చాలా బోర్డులకు వాడుకోవచ్చు. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పోసి ఉంచకండి, పిల్లలు తాగేస్తారు. దాని శక్తి తగ్గాక సింకులో పారబోయడం అన్యాయం. రాగి లవణాలు చేపలకు విషం, మన నగరపు మురుగు చేరేది మూసీకే. బట్టల సోడాను నురగ ఆగేదాకా కొద్దికొద్దిగా కలపండి, రాగి మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని వడగట్టి, మూత బిగించిన డబ్బాలో పేరు రాసి, మీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ వాళ్లను అడిగి అప్పగించండి.