అడుగు లేని పాత్ర

అక్టోబర్‌ఫెస్ట్ మగ్గు మీద నా ఫిర్యాదు ఒకటే: అది తాగడానికి కాదు, దాచడానికి చేసింది. 1978 నుంచి ఏటా ఒకటి, ఆ ఏటి పోస్టర్ బొమ్మతో. ఒక్క ఏడు తప్పినా వరసలో ఖాళీ కనిపిస్తుంది, మళ్ళీ కొంటాం. బొమ్మలు కొన్ని నిజంగా బాగుంటాయి, కాదనను. కానీ మ్యూనిక్ పండగ డేరాల్లో లీటరు బీరు పోసిచ్చేది గాజు మగ్గుల్లో. నురగ ఎంతో, బీరు ఎంతో కనబడుతుంది, తక్కువ పోస్తే అడగొచ్చు. జ్ఞాపికేమో కాల్చిన మట్టిది, లోపలేముందో బయటికి తెలీదు. పండగ వదిలేసిన పాత్రనే పండగ గుర్తుగా అమ్ముతున్నారన్నమాట!

నాకైతే దీనికి పోటీ మన నాగార్జున సాగర్‌లో కనిపిస్తుంది. జలాశయం ముంచేసిన లోయలో అంతకుముందు, 1954-60 మధ్య, పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల రాజప్రాసాదం చోట దొరికిన ఒక స్తంభం మీద గడ్డంతో ఓ అర్ధనగ్న పురుషుడు, చేతిలో తాగే కొమ్ము, పక్కన పీపా. గ్రీకుల మద్యదేవత డయొనైసస్ అంటారు పండితులు. మూడో శతాబ్దంలో, కృష్ణ ఒడ్డున!

కొమ్ముకి అడుగుండదు. నింపాక కింద పెట్టలేం. తాగాలి, లేదా పక్కవాడికివ్వాలి. కల్లు పోసే తాటాకు డొప్పా అంతే, ఏ అల్మరాలోనూ నిలబడదు.

సాగర్ జ్ఞాపికల్లో ఆనకట్ట చూశాను, బుద్ధుణ్ణి చూశాను. ఈ దేవుడు మాత్రం కనబడలేదు. ఎవరైనా చేస్తే నేనూ ఒకటి కొంటాను, కాకపోతే అడుగు పెట్టకూడదు.