జాలీ పండితుని ధర్మశాస్త్ర చరిత్ర

కూతునకు ఆస్తిలో భాగమడిగినప్పుడెల్ల మన యిండ్లలో వినవచ్చు సమాధాన మొక్కటే: "శాస్త్రమున లేదు." ఏ శాస్త్రము, ఏ కాలపు శాస్త్రము అని తిరిగి యడుగువారరుదు. ఆ ప్రశ్నను జీవితమెల్ల నడిగిన పండితుడు జర్మనుదేశీయుడగు జూలియస్ జాలీ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పొలముల పంపకములు కన్నులార చూచుచున్న మన పాఠకులకు ఈతని గ్రంథములు దూరదేశపు సంగతి కావని మా తలంపు.

జాలీ 1849లో హైడెల్బర్గు నగరమున జన్మించెను. తండ్రి ప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడు. ఆ శాస్త్రమున నిక కనుగొనవలసినది స్వల్పమేయని యువకుడగు మాక్స్ ప్లాంకునకు హితవు చెప్పినవా డాయనయే. కుమారుడు తాను చేపట్టిన శాస్త్రము ముగిసినదని యెన్నడు తలపలేదు. వ్యూర్త్సుబుర్గు విశ్వవిద్యాలయమున బోధించుచు, నారదస్మృతిని 1876లోను, విష్ణుస్మృతిని 1880లోను ఆంగ్లీకరించెను. 1882–83 శీతకాలమున కలకత్తాకు వచ్చి ఠాగూరు న్యాయోపన్యాసముల నిచ్చెను. (ఈ ఠాగూరు రవీంద్రుడు గాడు, ప్రసన్నకుమార ఠాగూరు విడిచిన ధనముతో నేర్పడిన పీఠమది.) దాయభాగ, దత్తత విషయకములగు నా యుపన్యాసములు 1885లో పుస్తకరూపము దాల్చెను. 1887లో మనుస్మృతిని పరిష్కరించెను. 1896లో జర్మను భాషలో వెలువడిన న్యాయాచారముల గ్రంథము ఆయన కృషికెల్ల కిరీటము వంటిది. 1932లో వ్యూర్త్సుబుర్గుననే కాలధర్మము నొందెను.

ఈతని గొప్పతన మెందున్నది? మన స్మృతులను ఒకేనాడు వెలువడిన చట్టమువలె నాంగ్లేయ న్యాయమూర్తులు చదువుచుండగా, జాలీ వానిని కాలక్రమమున నిలువబెట్టెను. సూత్రములు, మనువు, యాజ్ఞవల్క్యుడు, నారదుడు, బృహస్పతి, పిదప వ్యాఖ్యాతలు. అట్లు చూచినచో ధర్మము కదలుచున్నట్లు కనబడును. స్త్రీధనమునే తీసికొందము. మనువు చెప్పినవి ఆరు: వివాహాగ్ని యెదుట నిచ్చినది, అత్తవారింటికి సాగనంపునపుడిచ్చినది, ప్రీతితో నిచ్చినది, తల్లి, తండ్రి, సోదరుడు ఇచ్చినవి. యాజ్ఞవల్క్యుడు జాబితా చెప్పి చివర "మొదలగునవి" యను నర్థము వచ్చు పదము చేర్చెను. ఆ చిన్న సందున విజ్ఞానేశ్వరుడు ద్వారమునే తెరచెను: దాయముగ వచ్చినది, కొన్నది, పంపకమున దక్కినది, దొరికినది, అన్నియు స్త్రీధనమే. ఆ మితాక్షర పుట్టినది కాశిలో గాదు. మన దక్కనులోని కల్యాణమున, చాళుక్య విక్రమాదిత్యుని కాలమున. భర్త నుండి విధవకు దాయముగ వచ్చిన ఆస్తి స్త్రీధనము గాదని తీర్పు చెప్పి యా ద్వారమును మూసినది 1867లో లండనులోని ప్రీవీ కౌన్సిలు. కాబట్టి "శాస్త్రమున లేదు" అనువారు తెలియకయే లండను తీర్పును మన ఋషుల నోట పెట్టుచున్నారు.

ఇంత మెచ్చిన పిదప మాకు గల యసంతృప్తియు చెప్పవలెను. జాలీ చరిత్రలో సంస్కృత గ్రంథములకే పెద్దపీట. వ్రాసిన నియమమునకు, జనుల నడవడికి నడుమ నెంత దూరమో పుస్తకమొక్కటియే చెప్పజాలదు. మితాక్షర వెలసిన సుమారు నూటయేబది యేండ్లకే మన కేతన దానిని తెలుగు పద్యములలోనికి దెచ్చెను. సంస్కృతమురాని తెలుగువారికి ధర్మశాస్త్రము కావలసివచ్చెననుటకు అంతకంటె సాక్ష్యమేల?

మఱియొక సాక్ష్యము సూర్యాపేటకు కూతవేటు దూరమున, పిల్లలమఱ్ఱిలో నున్నది. అచ్చట రేచెర్ల నామిరెడ్డి 1202లో తన పేర నామేశ్వరాలయమును కట్టించెను. ఆరేండ్లకు, 1208లో, బేతిరెడ్డి భార్య ఎరకసాని ఎరకేశ్వరాలయమును కట్టించెను. ఆ దేవునకు వచ్చినది భర్తపేరు గాదు, ఆమెపేరు! ఆలయము న్యాయస్థానపు తీర్పు గాదని మే మెఱుగుదుము. ఆ ధనము పుట్టింటిదో, భర్త యిచ్చినదో, అతని యనుమతి కావలసెనో కాదో గుడిని చూచి తేల్చలేము. సామంతుని యింటి యిల్లాలి స్థితిని కాపుటిల్లాలికి అంటగట్టుటయు న్యాయము గాదు. అయినను కాకతీయుల నాడు స్త్రీ యొకతె తన పేర నింతటి దానము చేయగల్గెనన్న మాట నిజము. స్త్రీధన చరిత్ర వ్రాయువాడు ఈ గుడిమెట్లెక్కక తప్పదు. జాలీ యుపన్యసించునాటికి మన శాసనము లచ్చునకు రానందున ఆయనను నిందింపము. లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణా శాసనముల మొదటి సంపుటమును ప్రకటించుట 1935లో గదా! నిందింపవలసినది, అవి వచ్చిన పిదపను పాత పుస్తకములనే వల్లించు తరువాతి వారిని.

1956 నాటి చట్టము స్త్రీకి వచ్చిన ఆస్తిపై సంపూర్ణాధికార మిచ్చినది. 1985 సెప్టెంబరు 5 నుండి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ కుమార్తెను పుట్టుకతోనే సమాంశభాగినిగ చేసినది. కాని యానాటికే పెండ్లియైన వారిని విడిచినది. 2005లో దేశమంతటికి వచ్చిన సవరణ ఆ భేదమును తొలగించినది. అయినను 1967లో సాగరు నీరు వదలిన పిదప ఎడమ కాలువ క్రింద మాగాణియైన మిర్యాలగూడ, కోదాడ పొలములలో ఆడపడుచు వాటా మాట వచ్చినప్పుడు, పసుపుకుంకుమ క్రింద నిచ్చినదే చాలునని విడుదల దస్తావేజుపై సంతకము పెట్టించు నింటి పెద్దలు లేకపోలేదు. నీరెక్కిన మడిలో మమకారము హెచ్చును గాబోలు!

జాలీ 1896 నాటి గ్రంథమునకు బటకృష్ణ ఘోషు చేసిన ఆంగ్లానువాదము 1928లో కలకత్తాలో వెలువడినది. ఆంగ్లము తెలిసినవారు అందు స్త్రీధనము నెన్నిన భాగమును ముందు చదివి, పిదప కేతన వ్యవహారకాండమును తెఱచి, రెంటిని ప్రక్కప్రక్కన బెట్టుకొని చూడవలెను. ఆ పని తలపెట్టు నాడు ఇంటి ఆడపిల్లలను గూడ దగ్గర కూర్చుండబెట్టుకొందురు గాక.